చేమంతికి తెలిసిన కాలము

సాయంకాలము కాగానే నిద్రగన్నేరు ఆకులు ముడుచుకొనును. చంద్రకాంత పూవులు విచ్చుకొనును. పెంపుడు కుక్క తన గిన్నె కడకు వచ్చి నిలుచును. వీనికి వేళ తెలుపునదేది?

సూర్యుని వెలుగేయని మనము తటాలున చెప్పుదుము. అది సగము నిజము. 1729లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ద మైరాన్, అత్తిపత్తి వంటి మొక్కను వెలుగు సోకని చోట ఉంచి చూచెను. చీకటిలో సైతము దాని ఆకులు పగలు విచ్చుకొని, రాత్రి ముడుచుకొనుచునే యుండెను. ప్రాణుల లోపలనే ఒక గడియారము కలదు. అది రమారమి 24 గంటలకు ఒక చుట్టు తిరుగును. దానిలోని కొద్దిపాటి తేడాను దినదినము సరిదిద్దునది వెలుగు.

ఋతువును తెలిసికొనుటయు ఇట్టిదే. మన తెలుగునాట మిక్కిలి పెద్ద పగటికిని, మిక్కిలి చిన్న పగటికిని భేదము సుమారు 2 గంటలు మాత్రమే. చేమంతికి అంతే చాలును. పగటి నిడివిని బట్టి మొక్కలు పూయునని 1920లో అమెరికా శాస్త్రజ్ఞులు గార్నర్, అల్లార్డులు ప్రకటించిరి. చేమంతి వంటివి కొలుచునది నిజమునకు ఎడతెగని చీకటినేయని తరువాత తేలినది.

ఈ సంగతి తెలియక మేము ఒక ఏట చేమంతి కుండీని వసారా దీపము క్రింద నుంచితిమి. ఎరువు వేసితిమి, నీరు పోసితిమి. సంక్రాంతి వచ్చినను ఆకులే గాని మొగ్గ లేదు. పెరటి చీకటిలోనున్న దాని తోడి మొక్క మాత్రము విరగబూచినది. రాత్రంతయు వెలిగిన దీపము, ఇంకను వేసవియేయని ఆ మొక్కను నమ్మించినది!

గడియారపు ముల్లును జరిపిన మాత్రమున మొక్కలకు ఏమియు కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942 నుండి 1945 వరకు, మన దేశమున గడియారములను 1 గంట ముందుకు జరిపిరి. ఆ ఉత్తరువు చంద్రకాంతకు చేరలేదు. ఐరోపా దేశములలో నేటికిని ఏట రెండుమారులు ఇట్లు జరుపుచున్నారు. చిక్కు వచ్చునది పెంపుడు జంతువులకు. అవి మన చేతి వేళకు అలవాటు పడియుండును. పాలు పితుకుట ఆలస్యమైనచో ఆవు పొదుగు బరువెక్కి బాధపడును. కుక్క ఆకలితో గుమ్మమునకును గిన్నెకును తిరుగును.

కావున ఇంటి వేళలు మారవలసి వచ్చినపుడు మేత, అన్నము, షికారు ఒక్కసారిగా మార్పక, దినమునకు 10, 15 నిమిషముల చొప్పున జరుపుట మేలు. చేమంతి కొరకు చేయవలసినది ఇంకను సులభము: చలికాలపు రాత్రులలో వసారా దీపమును ఆర్పివేయుటయే.