నల్ల అట్ట వెనక కథ

కాలేజీకెళ్ళే పిల్లలున్న ఇల్లయితే ఈ పాట ఎప్పుడో ఒకప్పుడు మీ చెవిన పడే ఉంటుంది. గిటార్ ఒక్కసారి ఘల్లుమని ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఆ వెనకే ఎవరో గొంతు చించుకుని పాడుతుంటాడు. 2008లో వచ్చిన ‘ఐరన్ మ్యాన్’ సినిమా మొదట్లో వినిపించేదీ అదే. "ఏమిట్రా ఆ గోల, కాస్త తగ్గించు!" అని వంటింట్లోంచి మీరు ఒక కేక వేసే ఉంటారు. వేయాల్సిందే మరి!

కానీ ఆ గోల వెనక ఒక చావుందనీ, కొడుకును పోగొట్టుకున్న తండ్రి చెప్పిన మాట ఉందనీ తెలిస్తే ఆశ్చర్యంగా ఉండదూ? ఆ పాట ఉన్న ఆల్బమ్ ‘బ్యాక్ ఇన్ బ్లాక్’. చేసింది ఆస్ట్రేలియా హార్డ్ రాక్ బ్యాండు ఏసీ/డీసీ. విడుదలైంది 1980లో.

కుట్టుమిషను ఇచ్చిన పేరు

స్కాట్లాండులోని గ్లాస్గో నుంచి యంగ్ వారి కుటుంబం 1963లో ఆస్ట్రేలియాకు వలస వెళ్ళింది. ఇంటినిండా పిల్లలు. వాళ్ళలో మాల్కమ్, ఆంగస్ అనే అన్నదమ్ములు 1973లో సిడ్నీలో బ్యాండు పెట్టారు. పేరేం పెట్టాలో తోచలేదు. అప్పుడు అక్క మార్గరెట్ కుట్టుమిషను మీద కనిపించిన ‘ఏసీ/డీసీ’ అన్న అక్షరాలు చెప్పింది. రెండు రకాల కరెంటుతోనూ నడుస్తుందని దానర్థం. ఆంగస్ స్కూలు యూనిఫాంలో, నిక్కరుతో స్టేజీ ఎక్కడం కూడా అక్క సలహాయే. బడినుంచి వచ్చీరాగానే బట్టలైనా మార్చుకోకుండా గిటార్ పట్టుకునే తమ్ముణ్ణి రోజూ చూసింది కదా! డెబ్భై ఏళ్ళు నిండాక కూడా ఆయన ఆ నిక్కరు వదల్లేదు.

1974లో బాన్ స్కాట్ గాయకుడుగా చేరాడు. అతనూ స్కాట్లాండులో పుట్టి చిన్నప్పుడే ఆస్ట్రేలియా వచ్చినవాడే. ఊరూరా తిరిగి పాడారు. 1979లో ‘హైవే టు హెల్’ ఆల్బమ్‌తో అమెరికాలోనూ పేరొచ్చింది. ఇక కష్టాలు గట్టెక్కాయనుకున్నారు.

ఇంతలో 1980 ఫిబ్రవరి 19. ముందురోజు రాత్రి లండన్‌లో బాగా తాగి, కారులోనే నిద్రపోయిన బాన్ ఇక లేవలేదు. అప్పటికి అతని వయసు 33. మితిమీరి తాగడమే కారణమని విచారణలో తేల్చారు.

ఆ తండ్రి మాట

అంత్యక్రియలు ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్‌లో జరిగాయి. బ్యాండు మూసేద్దామనే అనుకున్నారు అన్నదమ్ములు. అతను లేకుండా స్టేజీ ఎలా ఎక్కుతాం అన్నది వాళ్ళ బాధ. అప్పుడు బాన్ తండ్రే మాల్కమ్‌తో మాట్లాడి, ఇంకొక గాయకుణ్ణి చూసుకుని ముందుకు వెళ్ళమన్నాడు.

ఒక్క క్షణం ఆలోచించండి. కన్నకొడుకు నిలబడిన చోట ఇంకొకణ్ణి నిలబెట్టమని చెప్పాలంటే ఎంత గుండె కావాలి! అదే మాట ఏ రికార్డు కంపెనీ మేనేజరో అనుంటే పుండు మీద కారం చల్లినట్టుండేది. తండ్రి నోట వచ్చింది కాబట్టి దీవెన అయింది.

దానికి తోడు మాల్కమ్ కూడా తమ్ముడికి ఫోన్ చేశాడు. చెరో గదిలో కూర్చుని కుమిలిపోయే బదులు ఇద్దరం కలిసి గిటార్లు వాయించుకుందాం, రమ్మన్నాడు. చేతికి పని దొరికితే మనసు కాస్త కుదుటపడుతుందని ఆడవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ ఇంట్లో ఏం జరిగినా పొయ్యి వెలిగించక తప్పదు కదా!

కొత్తగా వచ్చినవాడు

బ్రయాన్ జాన్సన్‌ది ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర. ఒకప్పుడు జోర్డీ అనే బ్యాండులో పాడి పేరు తెచ్చుకున్నాడు. అది చల్లబడ్డాక కార్ల పైకప్పులకు రెక్సిన్‌లాంటి వినైల్ వేసే పనిలో పడ్డాడు. వయసు 32.

విచిత్రం ఏమిటంటే, అతని గురించి వీళ్ళకు చెప్పింది బాన్ స్కాటే! 1973లో బాన్ ఇంకొక బ్యాండులో ఉండగా బ్రయాన్ పాడడం చూశాడు. స్టేజీ మీద పడి దొర్లుతూ, కేకలు పెడుతూ పాడుతున్నాడట. ఆహా, ఏం ప్రదర్శన అనుకున్నాడు బాన్. తీరా చూస్తే ఆ కేకలు అపెండిసైటిస్ నొప్పికి! బ్రయాన్ ఈ సంగతి ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు.

బహామాస్ దీవుల్లో నాసావ్ దగ్గర ఉన్న కంపాస్ పాయింట్ స్టూడియోలో ఏప్రిల్, మే నెలల్లో రికార్డింగు చేశారు. నిర్మాత మట్ లాంగ్. పనిలో మహా పట్టుదల మనిషి. కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ పాడించేవాడు. వీళ్ళు వెళ్ళేసరికి అక్కడ తుపాను. సామాను కస్టమ్స్‌లో ఇరుక్కుపోయింది. అంత గందరగోళంలో కొత్తవాడు బ్రయాన్ పాటలకు మాటలు రాయాలి. పోయినవాణ్ణి తలుచుకున్నట్టుండాలి కానీ ఏడుపు పాట కాకూడదు, పండగలా ఉండాలి అన్నారు అన్నదమ్ములు. ఎంత కష్టమో చూడండి!

మొదటి పాట ‘హెల్స్ బెల్స్’ గంటానాదంతో మొదలవుతుంది. ముందు ఇంగ్లండులోని లఫ్‌బరోలో ఒక యుద్ధ స్మారక గోపురం గంటను రికార్డు చేయబోయారు. గంట మోగించగానే పక్షులు రెక్కలు టపటపలాడిస్తూ లేచిపోయేవి. ఆ చప్పుడూ టేపులో పడేది! చివరికి ఆ ఊళ్ళోనే గంటలు పోతపోసే కార్ఖానాలో తమకోసం చేయించిన గంటనే రికార్డు చేశారు.

అట్ట మొత్తం నలుపు. బొమ్మ లేదు, ఎవరి ఫోటో లేదు. పాశ్చాత్యులకు నలుపే సంతాపం రంగు. ఇలాగైతే ఎవరు కొంటారని కంపెనీవాళ్ళు గింజుకున్నారు. కడకు బ్యాండు పేరు కనబడేలా అక్షరాల చుట్టూ బూడిదరంగు గీత గీయడానికి మాత్రం అన్నదమ్ములు ఒప్పుకున్నారు.

జనం ఏమన్నారు?

1980 జూలై 25న విడుదల. బాన్ పోయి అప్పటికి అయిదు నెలలు దాటింది, అంతే. బ్రిటన్‌లో మొదటి స్థానం, అమెరికాలో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. అమెరికాలోనే రెండున్నర కోట్లకు పైగా లెక్కకొచ్చాయి. ప్రపంచమంతా కలిపి 5 కోట్ల దాకా అమ్ముడై ఉంటాయని అంచనా.

అలాగని ఇందులోవన్నీ పిల్లల చేత పాడించే పాటలేం కావు. తాగుడు గురించి ఒకటి, ఆడవాళ్ళ గురించి మోటుగా రాసినవి మరికొన్ని. తాగుడుతో పోయిన స్నేహితుడి జ్ఞాపకంగా చేసిన ఆల్బమ్‌లో తాగుడు పాటేమిటని మీకు అనిపిస్తే అది న్యాయమే. 1985లో వాషింగ్టన్‌లో టిప్పర్ గోర్ వంటి తల్లులు సంఘం పెట్టి, పిల్లలు వినకూడని పదిహేను పాటల జాబితా వేస్తే, ఈ ఆల్బమ్‌లో పాట ఒకటి అందులోకెక్కింది. క్యాసెట్ల మీద తల్లిదండ్రులను హెచ్చరించే ముద్ర వచ్చింది ఆ తల్లుల పోరాటం వల్లే.

మళ్ళీ అదే పరీక్ష

ఏళ్ళు గడిచాక కష్టం సొంత ఇంటికే వచ్చింది. మాల్కమ్‌కు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. తాను కట్టిన పాటల్నే తాను మళ్ళీ నేర్చుకుని కచేరీలు చేశాడు. 2014లో తప్పుకుంటే, అన్నగారి కొడుకు స్టీవీ ఆ చోట నిలబడ్డాడు. 2017 నవంబరులో మాల్కమ్ కన్నుమూశాడు. ఆంగస్ మళ్ళీ ఆపలేదు. అన్నతో కలిసి ఎప్పుడో కట్టిపెట్టుకున్న బాణీలు వెతికి తీసి, 2020లో ‘పవర్ అప్’ తెచ్చాడు. దాన్ని అన్నకే అంకితమిచ్చాడు.

చావు జరిగిన ఇంట్లో ఎవరైనా నవ్వినా, ఏదైనా పనికి దిగినా "అప్పుడేనా?" అని ముక్కున వేలేసుకునేవాళ్ళుంటారు. వీళ్ళనీ అన్నవాళ్ళున్నారు. కానీ ముందు వెళ్ళమన్నది ఎవరు? అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్న తండ్రే కదా! దుఃఖం ఎన్నాళ్ళుండాలో లెక్కకట్టే హక్కు చుట్టుపక్కలవాళ్ళది కాదు, ఆ ఇంటివాళ్ళది. పరామర్శకు వెళ్ళినప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. ఏమంటారు?