సభ చెవికి తగ్గ మాట

రాజకీయ ఉపన్యాసానికి ఒప్పించే శక్తి మూడింటి వల్ల వస్తుందని క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ చెప్పాడు: మాట్లాడేవాడి మీద నమ్మకం, వినేవాళ్లలో కదిలే భావం, వాదనలోని తర్కం. పాశ్చాత్య దేశాల్లో ఉపన్యాస రచనకు ఇప్పటికీ ఇదే తొలి పాఠం. అయితే నమ్మకం దేనివల్ల కుదురుతుంది, మనసు ఏ మాటకు కదులుతుంది అన్నవి సమాజాన్ని బట్టి మారిపోతాయి. ఒకచోట నిజాయితీగా వినిపించే మాట మరోచోట మోటుగా తోస్తుంది.

మడగాస్కర్‌లో సంప్రదాయ ఉపన్యాసాన్ని ‘కబారి’ అంటారు. పెళ్లిలోనూ, చావు దగ్గరా, రాజకీయ సభలోనూ అదే పద్ధతి. వక్త లేవగానే ముందు మన్నించమని అడుగుతాడు. తనకంటే పెద్దలు, తెలిసినవాళ్లు ఉండగా నోరు విప్పుతున్నందుకు ఆ క్షమాపణ. విషయం ఆ తర్వాతే వస్తుంది. అదీ సామెతల మీదుగా, చుట్టుతిరిగి. పదిమందిలో ఎదుటివాడిని సూటిగా తప్పుపట్టడం మర్యాద కాదు. సామెత పూర్వీకుల సొత్తు. దాన్ని సందర్భానికి అతికేలా వాడినవాడి మాటకు పెద్దల మాటంత బరువుంటుంది. ఈ కళను 2021లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వాల జాబితాలో చేర్చింది.

పరోక్షంగా మాట్లాడటం అన్నిచోట్లా వినయమే కాదు. 1945 ఆగస్టు 15 మధ్యాహ్నం జపాన్ చక్రవర్తి హిరోహితో గొంతును సామాన్య ప్రజలు రేడియోలో మొట్టమొదటిసారి విన్నారు. అది రెండో ప్రపంచ యుద్ధంలో లొంగుబాటును ప్రకటిస్తూ ముందురోజు రాత్రి రికార్డు చేసిన ప్రసంగం. భాష ప్రాచీన దర్బారు భాష. అందులో ‘లొంగిపోయాం’ అన్న మాట ఎక్కడా లేదు. శత్రుదేశాల ప్రకటనను అంగీకరిస్తున్నామని వాటికి తెలియజేయమని ప్రభుత్వాన్ని ఆదేశించినట్టు మాత్రమే ఉంది. చాలామందికి అర్థం కాకపోవడంతో అనౌన్సర్ వివరించవలసి వచ్చింది. సింహాసనం గౌరవాన్ని ఆ భాష కాపాడింది. లక్షల ప్రాణాలు తీసిన యుద్ధానికి బాధ్యులెవరన్న ప్రశ్నను మాత్రం దగ్గరికి రానివ్వలేదు. ఉపన్యాసంలో ఏం చెప్పారన్నది ఎంత ముఖ్యమో, ఏం చెప్పకుండా దాటేశారన్నదీ అంతే ముఖ్యం.

1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో సుమారు రెండున్నర లక్షల మంది ముందు మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడినప్పుడు పద్ధతి పూర్తిగా వేరు. ఆయన చేతిలో సిద్ధం చేసిన ప్రతి ఉంది. రచనలో సలహాదారులు క్లారెన్స్ జోన్స్, స్టాన్లీ లెవిసన్ సాయపడ్డారు. ప్రసిద్ధమైన ‘కల’ భాగం మాత్రం అందులో లేదు. వేదిక దగ్గరున్న గాయని మహేలియా జాక్సన్ ఆ కల సంగతి చెప్పమని కేకేసింది. కింగ్ కాగితం చూడటం మానేసి, చర్చి బోధకుడి పద్ధతిలోకి మారాడు. నల్లజాతి చర్చిల్లో బోధకుడు ఒక వాక్యం అంటే భక్తులు గొంతు కలుపుతారు. ఒకే మాట మళ్లీ మళ్లీ రావడం అక్కడ విసుగు పుట్టించదు, ఊపునిస్తుంది. ఆ సభలో చాలామందికి ఆ లయ ముందే తెలుసు.

తెలుగునేల మీద ఇలాంటి పట్టు ఎన్.టి. రామారావుకు దొరికింది. 1982 మార్చిలో పార్టీ పెట్టేనాటికి ఢిల్లీ అధిష్ఠానం రాష్ట్రంలో ముఖ్యమంత్రులను వెంటవెంటనే మారుస్తోంది. ఆ రాజకీయ అసంతృప్తికి ఆయన ‘తెలుగువారి ఆత్మగౌరవం’ అని పేరుపెట్టారు. పౌరాణిక చిత్రాల్లో జనం ఏళ్ల తరబడి విన్న గంభీరమైన ఉచ్చారణ, సమాసాలు నిండిన గ్రాంథికపు బిగువు చైతన్యరథం అనే ఆయన ప్రచార వాహనం మీద నుంచి వినిపించాయి. వాటి పక్కనే ‘ఆడపడుచులు’ అన్న ఇంటి పిలుపు ఉండేది. ఓటరును ఆడపడుచు అన్నాక ఆమెకు చేసే వాగ్దానం పుట్టింటి బాధ్యతలా వినిపిస్తుంది. తొమ్మిది నెలలకే, 1983 జనవరి ఎన్నికల్లో ఆయన అధికారంలోకి వచ్చారు.

భాష రాని నాయకుడు వచ్చినప్పుడు ఈ లెక్కలన్నీ మారతాయి. ఢిల్లీ నేతలు తెలుగు సభల్లో రెండు మూడు తెలుగు వాక్యాలతో మొదలుపెట్టి, తర్వాత అనువాదకుడి మీద ఆధారపడతారు. వాక్యం వాక్యానికీ ఆగాలి కనుక లయ తెగిపోతుంది. తెలుగు తప్ప మరో భాష రానివాళ్లు చప్పట్లు కొట్టేది అనువాదకుడి మాట పూర్తయ్యాకే. అందుకే అలాంటి సభలకు రాసే ప్రసంగంలో వాక్యాలు పొట్టిగా, ఒక్కోటీ విడిగా నిలబడేలా ఉండాలి.