‘పడదు’ అన్న మాట – పిల్లల్లో ఆహార అలర్జీ నిర్ధారణ: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి ఇళ్ళలో పిల్లల తిండి ప్రస్తావన వచ్చినప్పుడు తరచుగా వినిపించే మాట ‘పడదు’. ‘బాబుకు పాలు పడవండీ’, ‘పాపకు గుడ్డు పడదు’, ‘వంకాయ తింటే ఒళ్ళంతా దురద, అసలు పడదు’ అని తల్లులు చెబుతుంటారు. ఇద్దరు మనుషుల మధ్య పొత్తు కుదరనప్పుడు కూడా ఇదే క్రియను వాడతారు. కారణం చెప్పకుండానే పొసగనితనాన్ని తెలియజేయడం ఈ మాటకున్న శక్తి. నిత్యవ్యవహారంలో ఇది సౌలభ్యమే. వైద్యుని ముందు మాత్రం ఇదే చిక్కుగా మారుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని అనేక స్థితులు ఈ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. వాటిని విడదీయడమే ఆహార అలర్జీ నిర్ధారణలో మొదటి మెట్టు. ఆ ప్రక్రియను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒక మాట – అనేక స్థితులు:

‘అలర్జీ’ అనే పదాన్ని 1906లో ఆస్ట్రియాకు చెందిన శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ప్రతిపాదించాడు. శరీరం ఒక పదార్థానికి మారిన తీరులో స్పందించడం అని ఆయన ఉద్దేశించిన అర్థం. ఆహారం విషయంలో నేటి వైద్యం ఈ పదాన్ని రోగనిరోధక వ్యవస్థ వల్ల కలిగే ప్రతిచర్యలకే పరిమితం చేస్తుంది. ఈ కొలతతో చూస్తే ‘పడదు’ అన్న మాట కింద కనీసం నాలుగు స్థితులు కనిపిస్తాయి.

మొదటిది, ఐజీఇ అనే యాంటీబాడీ వల్ల కలిగే అలర్జీ. తిన్న కొద్ది నిమిషాల నుంచి సుమారు రెండు గంటలలోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, ఆయాసం వంటివి కనిపిస్తాయి. తీవ్రమైతే ప్రాణాపాయకరమైన అనాఫిలాక్సిస్‌గా మారుతుంది. రెండవది, ఐజీఇతో సంబంధం లేకుండా ఆలస్యంగా కలిగే అలర్జీ. కొందరు పసిపిల్లల్లో తిన్న ఒకటి నుంచి నాలుగు గంటలకు వాంతులు మొదలై, బిడ్డ వాడిపోతుంది. మూడవది, అసహనం. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను జీర్ణం చేసే ఎంజైము చాలనప్పుడు కడుపు ఉబ్బరం, నొప్పి, విరేచనాలు కలుగుతాయి. ఇందులో రోగనిరోధక వ్యవస్థ ప్రమేయం లేదు, దద్దుర్లు రావు.

నాలుగవది, పదార్థ స్వభావం. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అన్న సామెత ఎరిగిన తెలుగువారికి దీన్ని వేరుగా వివరించనక్కరలేదు. కందలో సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. సరిగా ఉడకని కంద ఎవరి నోటినైనా దురద పెడుతుంది. అది తిన్నవారి అలర్జీ కాదు, కంద గుణం. వీటికి తోడు ‘వేడి చేస్తుంది’, ‘జలుబు చేస్తుంది’ అన్న నమ్మకాలు, పిల్లల అయిష్టాలు కూడా ‘పడదు’ అన్న మాటలోనే కలిసిపోతాయి.

3. రోగచరిత్ర ప్రాధాన్యం:

ఈ స్థితులను విడదీసే ప్రధాన సాధనం ప్రశ్న. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, తిన్న ఎంతసేపటికి లక్షణాలు వచ్చాయి, అవి ఏమిటి, ఎంతసేపు ఉన్నాయి, అదే పదార్థాన్ని ముందూ తర్వాతా తిన్నప్పుడు ఏమైంది అన్నవి వైద్యుడు తప్పక అడిగే ప్రశ్నలు. ఆ సమయంలో జ్వరం ఉందా, ఏదైనా మందు వాడుతున్నారా అన్నది కూడా ముఖ్యమే. పిల్లల్లో దద్దుర్లకు వైరస్ జ్వరాలు కూడా తరచుగా కారణమవుతాయి.

తెలుగు వంట తీరు ఈ ప్రశ్నలకు మరో ప్రశ్నను చేరుస్తుంది. గుత్తివంకాయ కూర తిన్న పిల్లవాడికి దద్దుర్లు వస్తే ఇంట్లో నింద వంకాయ మీద పడుతుంది. ఆ కూరలో కూరిన పొడిలో వేరుశనగపప్పు, నువ్వులు ఉండవచ్చు. ఈ రెండూ పేరుపడిన అలర్జీ కారకాలు. అందువల్ల ‘ఏ కూర తిన్నాడు’ అని అడిగితే చాలదు. ‘కూరలో ఏమేం వేశారు’ అని అడగాలి. ఇడ్లీతో తిన్న పల్లీ చట్నీ, పులిహోరలోని పల్లీలు, పాయసంలోని పాలు, జీడిపప్పు విషయంలోనూ ఇంతే. నిందపడిన వంకాయను మాన్పించి, అసలు కారకాన్ని మరో వంటలో పెట్టే ప్రమాదం ఇక్కడ పొంచి ఉంది.

4. పరీక్షలు – వాటి పరిమితులు:

1921లో ప్రౌస్నిట్స్, క్యుస్ట్‌నర్ అనే జర్మనీ వైద్యులు ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. క్యుస్ట్‌నర్‌కు చేప పడదు. ఆయన రక్తరసాన్ని ప్రౌస్నిట్స్ చర్మంలోకి ఎక్కించి, మరునాడు అదే చోట చేప సారాన్ని ఎక్కించగా అక్కడ దద్దు లేచింది. అలర్జీకి కారణమైనదేదో రక్తంలో ఉందని దీనివల్ల తేలింది. అది ఐజీఇ అని 1960ల చివరిభాగంలో గుర్తించారు. నేటి పరీక్షలు ఈ అవగాహన మీదే నిలిచాయి.

చర్మ పరీక్షలో ముంజేతి మీదో వీపు మీదో ఆహార సారపు చుక్క వేసి, పైపొరను సన్నగా గుచ్చుతారు. 15 నుంచి 20 నిమిషాల తర్వాత లేచిన దద్దును కొలుస్తారు. పోలిక కోసం ఉప్పునీటి చుక్క వేసిన చోటుకంటే అది కనీసం 3 మిల్లీమీటర్లు పెద్దదైతే ఫలితం పాజిటివ్. రక్తపరీక్షలో ఆయా ఆహారాలకు చెందిన ఐజీఇని కొలుస్తారు.

అయితే పాజిటివ్ ఫలితానికి అర్థం శరీరం ఆ ఆహారానికి ఐజీఇని తయారు చేసిందని మాత్రమే. దానిని తింటే హాని కలుగుతుందని కాదు. కర్ణాటకలో పెద్దలపై జరిగిన యూరోప్రెవాల్ అధ్యయనంలో 26.5 శాతం మందిలో ఏదో ఒక ఆహారానికి ఐజీఇ కనిపించగా, అలర్జీ ఉండే అవకాశం ఉన్నవారు 1.2 శాతం మాత్రమే. ఈ అంతరమే రోగచరిత్ర లేని పరీక్ష ఎంతగా దారి తప్పించగలదో చెబుతుంది. లక్షణాలేవీ లేని బిడ్డకు పదుల కొద్దీ ఆహారాల పరీక్ష ఒకేసారి చేయించడం అందుకే సరికాదు. ఐజీజీ అనే మరో యాంటీబాడీని కొలిచే పరీక్షలు అలర్జీ నిర్ధారణకు పనికిరావు. ఆ ఆహారాన్ని తిన్న అనుభవం శరీరానికి ఉందని మాత్రమే అవి తెలుపుతాయి.

5. తినిపించి చూసే పరీక్ష:

సందేహం మిగిలినప్పుడు తుది నిర్ణయం ఆహారానిదే. ఆసుపత్రిలో, ఎడ్రినలిన్ ఇంజక్షన్ సిద్ధంగా ఉంచుకుని, అనుమానిత ఆహారాన్ని చాలా కొద్ది మోతాదుతో మొదలుపెట్టి విరామాలతో పెంచుతూ తినిపిస్తారు. తర్వాత కొన్ని గంటలు బిడ్డను గమనిస్తారు. నిర్ధారణకు ఇదే ప్రామాణికమైన పరీక్ష. దీన్ని ఇంట్లో అనుకరించడం ప్రమాదకరం. ఆలస్యంగా కలిగే అలర్జీలో చర్మ, రక్త పరీక్షలు సాధారణంగా తోడ్పడవు. వాటిలో చాలావరకు వైద్యుని పర్యవేక్షణలో ఆ ఆహారాన్ని రెండు నుంచి నాలుగు వారాలు మాన్పించి, మళ్ళీ ఇచ్చి చూస్తారు. మళ్ళీ ఇచ్చి చూడకపోతే నిర్ధారణ అసంపూర్ణమే.

6. నిర్ధారణ లోపిస్తే:

నష్టం రెండువైపులా ఉంది. నిజమైన అలర్జీని ‘కొంచెం పడదు’ అని తేలికగా తీసుకుంటే, మరోసారి తిన్నప్పుడు బిడ్డ ప్రాణం మీదకు రావచ్చు. అలర్జీ లేని బిడ్డకు పాలు, గుడ్డు, పప్పులు మాన్పిస్తే ఎదుగుదలకు కావలసిన మాంసకృత్తులు, కాల్షియం అందవు. పైగా 2015లో వెలువడిన లీప్ అధ్యయనం, అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పసిపిల్లలకు వేరుశనగను తొలి ఏడాదిలోనే తగిన రూపంలో అలవాటు చేస్తే ఆ అలర్జీ గణనీయంగా తగ్గుతుందని చూపింది. అకారణంగా దూరం పెట్టడం రక్షణ కాదని దీనివల్ల స్పష్టమవుతుంది. పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లల్లో వయసుతోపాటు తగ్గుతాయి. కనుక ఒకసారి చేసిన నిర్ధారణను కూడా కాలానుగుణంగా పునఃపరిశీలించాలి.

7. ముగింపు:

పిల్లల్లో ఆహార అలర్జీ నిర్ధారణకు రోగచరిత్రే పునాది. పరీక్షలు దానికి సాక్ష్యాలు; అవసరమైన చోట తినిపించి చూడడం తీర్పు. ఆ చరిత్రను చెప్పేది తల్లి, చెప్పే భాష తెలుగు. ‘పడదు’ అన్న మాటను వదులుకోనక్కరలేదు. ఏం తిన్నప్పుడు, ఎంతసేపటికి, ఏమైంది అన్న మూడు వివరాలను దానికి జతచేస్తే ఆ మాటే వైద్యునికి ఉపయోగపడే సమాచారమవుతుంది. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ ఉపాధ్యాయినులు తల్లులతో మాట్లాడేటప్పుడు ఈ మూడు ప్రశ్నలను అడగగలిగితే, చాలామంది పిల్లలకు అనవసరమైన పథ్యమూ తప్పుతుంది, అవసరమైన జాగ్రత్తా అందుతుంది.