హెడ్‌ఫోన్స్ మార్చాలా.. ముందు ఫ్యాన్ ఆపి చూడాలా?

ముప్ఫై వేలు. మా కురవిలో ఆ డబ్బుకు చాలా అర్థాలున్నాయి. మిర్చి ఏరిన కూలీలకు ఇవ్వాల్సిన బాకీ కావచ్చు, తమ్ముడి కాలేజీ ఫీజు కావచ్చు, నడిచే కండిషన్‌లో ఉన్న సెకండ్ హ్యాండ్ బైకు కావచ్చు. నాకు మాత్రం నాలుగు నెలల నుంచి దానికి ఒక్కటే అర్థం: సెన్‌హైజర్ హెచ్‌డీ 600.

హైఫై పిచ్చి ఉన్నవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. 1997లో వచ్చిన మోడల్. ఫోన్లు రెండేళ్లకే ముసలివైపోయే ఈ రోజుల్లో, పాతికేళ్లు దాటినా ఇంకా కొత్తగా అమ్ముడవుతున్న హెడ్‌ఫోన్ అది. మొన్న హైదరాబాద్ వెళ్లినప్పుడు ఫ్రెండ్ రూమ్‌లో ఓ గంట విన్నా. పెట్టింది 'గీతాంజలి' పాటలు. 1989 సినిమా, ఇళయరాజా సంగీతం, ఎన్ని వందల సార్లు విన్నానో లెక్కలేదు. కానీ బేస్ గిటార్ అంత తీరిగ్గా, పాట వెనకాల తన దారిన తాను నడుచుకుంటూ పోతుందని అప్పుడే తెలిసింది. వయొలిన్లు ఓ పక్క, గొంతు నడిమధ్య. తల చుట్టూ జాగా పెరిగినట్టు అనిపించింది. కాబట్టి ఈ కోరిక ఉత్త షోకు కాదు. తేడా ఉంది, చెవులారా విన్నా.

అయితే ఆ గంట విన్నది నాలుగో అంతస్తులో, తలుపులేసిన ఏసీ గదిలో. నేను ఉండేది కురవిలో.

ఫ్యాన్ ఊరుకోదు

హెచ్‌డీ 600 ఓపెన్-బ్యాక్ రకం. అంటే చెవి కప్పుల వెనక మూత ఉండదు, జాలీ ఉంటుంది. లోపలి గాలి కొట్టుకోకుండా బయటికి పోతుంది కాబట్టే ఆ విశాలమైన సౌండ్. ఈ తరహా హెడ్‌ఫోన్‌ను 1968లో హెచ్‌డీ 414తో జనంలోకి తెచ్చింది కూడా సెన్‌హైజరే. కానీ జాలీ అన్నాక రెండు వైపులా పనిచేస్తుంది. మీ పాట పక్క మంచం మీదున్నవాళ్లకు వినిపిస్తుంది. ఇంట్లో చప్పుడంతా మీకు వినిపిస్తుంది.

మా ఇంట్లో చప్పుడంటే ఏంటో చెప్తా. ఇల్లు రోడ్డు మీదే. మానుకోట వైపు పోయే లారీ ప్రతిదీ హారన్ కొట్టే పోతుంది. శివరాత్రికి వీరభద్రస్వామి జాతర మొదలైందంటే ఇక మైకులే మైకులు. ఇవన్నీ సరే, ఎప్పుడో ఒకప్పుడు ఆగుతాయి. ఆగనిది ఒక్కటే, నెత్తిమీది సీలింగ్ ఫ్యాన్. మా దగ్గర ఏప్రిల్ నెలలో ఫ్యాన్ ఆపి పాటలు వినండి చూద్దాం! ఫ్యాన్ గాలి 'గుయ్' అనే చప్పుడు పాటలోని మెల్లని చోట్లన్నీ మింగేస్తుంది. నేను ముప్ఫై వేలు పెట్టేదే ఆ మెల్లని చోట్ల కోసం. అక్కడ వయొలిన్‌కు బదులు ఫ్యాన్ రెక్కలు వినిపిస్తే ఇక కొన్నదేమిటి?

పైగా అది 300 ఓమ్స్ హెడ్‌ఫోన్. ఫోన్‌కు తగిలిస్తే అసలు మోగదని కాదు. మోగుతుంది, కానీ వాల్యూమ్ చివరిదాకా తిప్పాల్సి రావచ్చు. అప్పుడు చిన్న ఆంప్ ఒకటి కొనాలనిపిస్తుంది. ఖర్చు అక్కడితో ఆగదని హైఫై తెలిసిన ఎవరినడిగినా చెప్తారు.

రేటు పెరిగితే సౌండ్ పెరుగుతుందా?

దీనికి జవాబు వెతుకుతుంటే 2017లో వచ్చిన ఓ పరిశోధన కంటపడింది. యెరూన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ లెక్కలను, వాటి ధరలను పక్కపక్కన పెట్టి చూశాడు. రెండింటికీ సంబంధం కనిపించలేదు. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ అంటే బేస్, గొంతు, తాళాల మోత ఏది ఎంత మోతాదులో వినిపిస్తుందన్న లెక్క. మనం 'సౌండ్ బాగుంది' అనేదాంట్లో పెద్ద వాటా దానిదే. డబ్బు పెడితే కంఫర్ట్ రావచ్చు, మన్నిక రావచ్చు, విడిభాగాలు దొరకొచ్చు. అది వేరే లెక్క.

షాపులో విని కొనేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. రెండు హెడ్‌ఫోన్లలో కొంచెం గట్టిగా మోగేదే మన చెవికి 'క్లియర్‌గా' అనిపిస్తుంది. తేడా ఎంత చిన్నదంటే, గట్టిగా ఉందన్న సంగతే మనం గుర్తుపట్టం. రెండింటి వాల్యూమ్ సమానం చేశాకే పోల్చాలి. కళ్లు మూసుకుని పోల్చమంటారు గానీ, హెడ్‌ఫోన్ విషయంలో అది కుదరదు. తలమీద బరువుతోనే ఏదేదో తెలిసిపోతుంది.

ఇక మనం పెట్టే పాట సంగతి. మా జిల్లాలోని చిన్నగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య సినిమా పాటలంటే నాకు ప్రాణం. 1961లో వచ్చిన 'ఇద్దరు మిత్రులు' ఇప్పటికీ నా ప్లేలిస్టులో ఉంది. కానీ ఆ రోజుల్లో మన పాటలు మోనోలోనే రికార్డయ్యేవి. రెండు చెవుల్లోనూ ఒకటే సౌండ్. ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్ పెట్టినా ఆ పాటలో వయొలిన్ ఎడమ పక్కకు జరగదు. నా ప్లేలిస్టులో సగం ఇలాంటి పాటలే మరి.

బ్లూటూత్ గురించి ఎక్కువ కంగారు పడనక్కర్లేదు. సీడీలో సెకనుకు 1411 కిలోబిట్ల సమాచారం ఉంటే, సోనీ ఎల్‌డాక్ గరిష్ఠంగా 990 దాకా పంపుతుంది. మామూలు కోడెక్‌లు ఇంకా తక్కువే. అయినా నడిచే ఫ్యాన్ కింద కూర్చుని ఆ తేడా పట్టేవాడు దొరికితే నాక్కూడా చూపించండి. నేను వైర్ వాడేది బ్యాటరీ గోల లేదనే.

సరే, మరి నా దగ్గరున్నదాంతో ఏం చేశా? ఇప్పుడున్నది ఎనిమిది వేల రకం క్లోజ్డ్-బ్యాక్. మూడేళ్ల చెమటకు ఇయర్‌ప్యాడ్స్ పొట్టు రాలి, అణిగిపోయాయి. ప్యాడ్ చెవి చుట్టూ సరిగ్గా అతుక్కోకపోతే మొదట పోయేది బేసే. కొత్త ప్యాడ్స్ తెప్పించా. టైప్-సీ నుంచి 3.5 ఎంఎం డాంగిల్ ఒకటి. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ అనే యాప్ ఉంది. అందులో వేల హెడ్‌ఫోన్లకు ఈక్వలైజర్ సెట్టింగులు రెడీగా దొరుకుతాయి. మన మోడల్ ఎంచుకుంటే చాలు. మొత్తం ఖర్చు మూడు వేలు దాటలేదు. హెచ్‌డీ 600 అయిందా అంటే, కాలేదు. ఆ విశాలం రాదు. కానీ బేస్ గిటార్ మాత్రం దొరికింది, ఫ్యాన్ తిరుగుతుండగానే.

బాపు చెవులు

ప్యాడ్స్ మార్చిన రోజే మా బాపుకు పెట్టి వినిపించా. ఆయనది ముప్ఫై ఏళ్ల మైక్ సెట్ పని. పెళ్లిళ్లు, జాతరలు, ఎలక్షన్ ఆటోలు. హారన్ లౌడ్‌స్పీకర్ పక్కనే నిలబడి వైరు సరిచేసిన మనిషి. పాట వినే అలవాటు నాకు వచ్చిందే ఆయన క్యాసెట్ల పెట్టెలోంచి.

"సౌండ్ పెంచు బిడ్డా" అన్నడు. పెంచా. మళ్లీ పెంచమన్నడు. నేను వినేదానికి డబల్ దాటింది.

"తాళాలు ఇనవడ్తున్నయా బాపూ?"

"ఏం తాళాలురా?"

ఇంట్లో ఆయన ఎప్పుడూ అనే మాట ఒకటుంది: "మాటలు ఇనవడ్తున్నయ్ గని సమజైతలేవు." మేం పరధ్యానం అనుకునేవాళ్లం. వరంగల్ తీసుకెళ్లి ఆడియోమెట్రీ చేయించాం. గ్రాఫ్ 4000 హెర్ట్జ్ దగ్గర గుంతలో పడ్డట్టు దిగిపోయింది. పెద్ద చప్పుళ్లలో ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లకు మొదట దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే. స, ష, త లాంటి అక్షరాలకు పదును ఇచ్చే చోటది. లోపలి చెవిలో పోయిన రోమకణాలు మళ్లీ మొలవవు.

ఆ పనిలో పని నాక్కూడా పరీక్ష చేయించుకున్నా. నార్మల్. వినే పద్ధతికి మాత్రం లెక్క పెట్టుకున్నా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 80 డెసిబెల్స్ అయితే 40 గంటలు, 90 అయితే నాలుగే గంటలు. పది డెసిబెల్స్ పెరిగితే టైమ్ పదోవంతుకు పడిపోతుందన్నమాట. అందుకే బయటి చప్పుడును కొంత ఆపే క్లోజ్డ్-బ్యాకే నాకు మేలు. ఫ్యాన్‌తో పోటీపడి వాల్యూమ్ పెంచే పని ఉండదు.

మీ గది నిశ్శబ్దంగా ఉండి, స్టీరియో రికార్డింగులే ఎక్కువగా వింటూ, పక్కన ఎవరూ పడుకోకపోతే హెచ్‌డీ 600 నిక్షేపంగా కొనుక్కోండి. నేనైతే ఆర్డర్ పెట్టలేదు. ముప్ఫై వేలు అలాగే ఉన్నాయి. హియరింగ్ ఎయిడ్స్ ఒక్కో చెవికి ఇరవై వేల దగ్గర మొదలై లక్ష దాటేవి కూడా ఉన్నాయి. ఒక చెవికైనా ముందు పెట్టిద్దామంటే బాపు ఒప్పుకోవట్లేదు. "నన్ను ముసలోన్ని జేస్తున్నవా?" అంటడు. జాతర అయినంక చూద్దాం అని వాయిదా వేశాడు.

సరేనని ఈలోపు మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ రెండు జతలు తెచ్చి ఇచ్చా, జాతరలో హారన్ల దగ్గర పనిచేసేటప్పుడు పెట్టుకొమ్మని. వేళ్ల మధ్య నలిపి చూసిండు.

"చెవులు మూసుకొని మైక్ సెట్టు ఎట్ల నడిపిస్తర్రా?" అన్నడు. అంటూనే జేబులో మాత్రం వేసుకున్నడు.