బ్రష్ కట్టర్ ఐడిల్ సెట్టింగ్: ట్రిగ్గర్ వదిలితే బ్లేడ్ ఆగాల్సిందే

మా శంషాబాద్ తోటలో కలుపు మందు కొట్టం, గడ్డి కోసి ఆచ్ఛాదనగా పరుస్తాం. కాబట్టి బ్రష్ కట్టరే ఆధారం. ట్రిగ్గర్ వదిలినా బ్లేడ్ తిరుగుతోందంటే ఐడిల్ ఎక్కువై క్లచ్ పట్టేస్తున్నట్టు. కాళ్ల దగ్గర తిరిగే బ్లేడ్ అది, నవ్వులాట కాదు.

ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయండి. చోక్ తీసేసి, ఇంజన్‌ను నాలుగైదు నిమిషాలు వేడెక్కనివ్వండి. బ్లేడ్ దేనికీ తగలకుండా పెట్టి, ఐడిల్ స్క్రూను కొంచెం కొంచెంగా ఎడమకు తిప్పండి. చాలా మిషన్లలో దాని పక్కన ‘టీ’ అని ఉంటది, వీడియోలో దగ్గర నుంచి చూపించాను. బ్లేడ్ పూర్తిగా ఆగాలి, ఇంజన్ మాత్రం ఆగొద్దు. ఆగిపోతుంటే కాస్త కుడికి.

అయినా బ్లేడ్ తిరుగుతుంటే క్లచ్ స్ప్రింగ్ పోయి ఉండొచ్చు, మెకానిక్‌కు చూపించండి. ‘హెచ్’ స్క్రూ జోలికి పోకండి. టూ స్ట్రోక్ కదా, అది బిగిస్తే పెట్రోల్‌తో పాటు ఆయిలూ తగ్గి పిస్టన్ పట్టేస్తది.