వేషము – బూటకము : బాలబోధలో ప్రదర్శన వివేకము

రంగముపై జరుగునది కల్పితమని ప్రేక్షకునకు తెలుపు చిహ్నములు భారతీయ నాట్యసంప్రదాయమున స్పష్టముగా నున్నవి. నాంది, ప్రస్తావన, తెర, భరతవాక్యము అను నివి వాస్తవమునకును ప్రదర్శనమునకును నడుమ గీచిన గీతలు. ఈ గీతలను దాటి జనుల వాకిండ్లకే వచ్చునది పగటివేషము. కూచిపూడివారు ఆడిన ఈ కళకు ఉత్తరదేశమున బహురూపియాల విద్య సజాతీయము. ఫరీదాబాదు జిల్లాయందలి సూరజ్‌కుండ్‌లో 1987లో ఆరంభమైన హస్తకళల మేళాలో బహురూపియాలు సందర్శకుల నడుమ సంచరించుట చూడనగును.

పగటివేషధారి చూపరిని భ్రమింపజేయును. తుదకు సంభావన యడుగును. ఆ యడుగుటయే ‘ఇది వేషము’ అను ప్రకటనము. భ్రమయు, భ్రమనివృత్తియు ఆ కళలోనే యిమిడియున్నవి. దూరదర్శనమునందును, చేతిఫోను తెరయందును ఈ రెండవ భాగము తరచుగా లోపించును. లేదా బాలుడు చదువజాలని చిన్న అక్షరములలో నుండును.

దీని ఫలితము సామాన్యమైనది కాదు. 1997లో దూరదర్శన్‌లో ప్రారంభమైన ‘శక్తిమాన్’ ధారావాహికలోని సాహసములను పిల్లలు అనుకరించి అపాయము తెచ్చుకొనిరని పత్రికలలో వార్తలు వెలువడెను. అట్లు చేయరాదని నాయకపాత్రధారి ముఖేష్ ఖన్నాయే తెరపై బాలలను హెచ్చరించెను. వేషధారి తన వేషమును తానే విప్పి చెప్పవలసి వచ్చినదన్నమాట. అమెరికాలో వృత్తి మల్లయుద్ధములు వినోదమే గాని నిజమైన పోటీలు కావని 1989లో న్యూజెర్సీ శాసనకర్తలకు నిర్వాహకులే తెలిపిరి. అయినను ఆ పట్లను ఇంట ప్రయత్నింపవలదను హెచ్చరికల యావశ్యకత తీరలేదు.

2007లో వెలువడిన జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ఏడవ తరగతి సాంఘికశాస్త్ర గ్రంథమున ప్రసార మాధ్యమములను గూర్చియు, ప్రకటనలను గూర్చియు పాఠములుండెను. ఇది మెచ్చదగిన యత్నము. కాని తెరను నమ్ముట అంతకు మునుపే అలవడును గనుక బోధయు మునుపే ఆరంభము కావలెను. పిల్లల యెదుటనే యొకడు రంగు పూసికొని, ఆడి, దానిని కడిగివేయుట తొలిపాఠము. పిమ్మట తెరపై దృశ్యమును జూపి మూడు ప్రశ్నలు వేయవచ్చును: దీనిని చిత్రించుచున్న దెవరు? ఎన్నిమారులు చేసి చూచిరి? సంభావన యెవరికి ముట్టును?

అంతయు అసత్యమేయని నేర్పుట మాత్రము బోధ కాదు. అట్లు నేర్చిన బాలుడు నిజమైన తుపాను హెచ్చరికను సైతము నమ్మడు. తెలుగున వేషము, బూటకము అను రెండు మాటలు వేర్వేరుగా నున్నవి. మొదటిది చూపరి యెఱుక గలది. రెండవది ఆ యెఱుకను హరించునది. ఈ భేదమును గుర్తింపజేయుటయే బోధకుని పని.