లీకు పట్టేది ఒకటి, కూలెంట్ నింపేది ఇంకొకటి

కూలెంట్ తగ్గిపోతూ ఉంటుంది, బండి కింద మాత్రం చుక్క తడి కనపడదు. షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల తగ్గినంత నీళ్లు పోసి పంపేస్తారు. నెల తిరక్కుండా టెంపరేచర్ ముల్లు మళ్లీ పైకి ఎగబాకుతుంది. మూడోసారికి ‘రేడియేటర్ మార్చాల్సిందే’ అంటారు. అసలు లీకు ఎక్కడుందో ఎవరూ చూడలేదు. చూసే పనిముట్టు ఖరీదైనదేమీ కాదు, అందుకే ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కారని లీకు వేడెక్కాక ఎందుకు కారుతుంది? కూలెంట్ ఒత్తిడిలో పనిచేస్తుంది కాబట్టి. రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, కొన్ని బండ్లకు 1.4 కూడా. బయటి గాలి ఒత్తిడి కంటే ఎన్ని బార్లు ఎక్కువ దాకా ఆ మూత ఆపుతుందో ఆ అంకె చెబుతుంది. పీఎస్ఐలో చూస్తే 0.9 అంటే 13, 1.1 అంటే 16, 1.4 అంటే 20. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఒక బార్ అదనపు ఒత్తిడి ఉంటే 125 దాటేదాకా మరగదు. మే నెల ఎండలో, ఏసీ వేసుకుని, ట్రాఫిక్‌లో నిలబడిన కారును కాపాడేది ఆ తేడాయే. సైకిల్ ట్యూబుకు గాలి కొట్టకుండా నీళ్లలో ముంచితే పంక్చర్ దొరకదు కదా, ఇక్కడా అంతే. ఒత్తిడి పెట్టి చూస్తేనే చిల్లి బయటపడుతుంది.

ఆ ఒత్తిడిని ఇంజిన్ వేడెక్కించకుండా పెట్టేదే ప్రెషర్ టెస్టర్. చేతిపంపు, గేజ్, మూత స్థానంలో బిగించే అడాప్టర్లు, అంతే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీసి, కూలెంట్ నిండుగా ఉందో లేదో చూసి, అడాప్టర్ బిగించి పంపు కొట్టాలి. మూత మీదున్న అంకె దగ్గర ఆగిపోవాలి. దాటితే మంచి హోస్ పైపు కూడా దెబ్బతినవచ్చు. తర్వాత పావుగంట పంపును కదపకుండా వదిలేయాలి. ముల్లు దిగుతుంటే టార్చ్ పట్టుకుని వెతకాలి: హోస్ క్లిప్పుల దగ్గర, రేడియేటర్‌లో ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అతుకు దగ్గర, వాటర్ పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర. ఆ రంధ్రం చుట్టూ ఎండిన కూలెంట్ పొరలా పేరుకుని ఉంటే పంపు సీలు పోయినట్టే. ముందు సీటు కింద మ్యాటు తడిగా ఉండి, తియ్యటి వాసన వస్తుంటే హీటర్ కోర్‌ను అనుమానించాలి.

ముల్లు దిగుతోంది, ఎక్కడా తడి లేదు అంటే లోపల చూడాలి. హెడ్ గ్యాస్కెట్ పోతే సిలిండర్‌లోని మంట వాయువు కూలెంట్‌లోకి దూరుతుంది. దీన్ని పట్టడానికి నీలి ద్రవంతో చేసే పరీక్ష ఒకటుంది. రేడియేటర్ నోటి దగ్గరి గాలిని ఆ ద్రవం గుండా లాగితే, పెట్రోల్ బండిలో అది పసుపు రంగుకు మారుతుంది. అలా మారితే రేడియేటర్ మార్చినా లాభం ఉండదు.

మూతను మాత్రం మరిచిపోకూడదు. దాని రబ్బరు గట్టిపడితే బండి మొత్తం బాగున్నా కూలెంట్ పోతూనే ఉంటుంది. టెస్టర్‌తో మూతను కూడా పరీక్షించే అడాప్టర్ వస్తుందో లేదో కొనేముందే అడగాలి. నా లెక్కలో అది లేని కిట్ సగం కిట్టే.

డబ్బాలో ఇన్ని ముక్కలున్నాయన్న ప్రకటన చూసి కొనకండి. మన బండికి సరిపోయే అడాప్టర్ ఒక్కటుంటే చాలు. పాత మారుతి, హ్యుందాయ్ కార్లలో మూత రేడియేటర్ మీదే ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో మరలున్న మూత ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మీద ఉంటుంది. దానిది దీనికి పట్టదు. గేజ్ రెండు, రెండున్నర బార్ల దాకా ఉంటే మేలు. ఏడు బార్ల గేజ్‌లో చిన్న దిగుదల కంటికి ఆనదు. ఒత్తిడి వదిలే వాల్వు తప్పనిసరి.

ఇక నింపడం. కూలెంట్ దించి మళ్లీ పోసినప్పుడు మూలల్లో గాలి చిక్కుకుంటుంది. మెకానిక్కులు ఎయిర్ లాక్ అనేది దీన్నే. గాలి చిక్కిన చోట లోహం విపరీతంగా కాలుతుంది. దీనికి వాక్యూమ్ ఫిల్లర్ వాడతారు. కంప్రెసర్ గాలి సాయంతో సిస్టంలోని గాలిని లాగేస్తుంది. హోస్ పైపులు అప్పడాల్లా అణిగిపోతాయి, భయపడనక్కర్లేదు. ముల్లు 24, 25 అంగుళాల (పాదరసం లెక్కన) దగ్గర కాసేపు నిలబడితే వాల్వు తిప్పగానే బకెట్‌లోని కూలెంట్ దానంతటదే లోపలికి వెళ్తుంది. ఇందులో ఊరి ఎత్తూ లెక్కలోకి వస్తుంది. విశాఖలో పూర్తి శూన్యం 30 అంగుళాలకు దగ్గరైతే, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో 28 చిల్లర, బెంగళూరులో 27 దరిదాపుల్లోనే ఆగుతుంది. అక్కడ ముల్లు ఒకటి రెండు తక్కువ చూపితే పనిముట్టుది తప్పు కాదు.

వాక్యూమ్ నిలబడింది కాబట్టి లీకు లేదనుకోవడం మాత్రం పొరపాటు. శూన్యం పైపులను లోపలికి లాగుతుంది. ఒత్తిడికి బయటికి తెరుచుకునే పగులు అప్పుడు మూసుకుపోవచ్చు. పైగా లీకుందని చెప్పినా ఎక్కడుందో చూపదు.

ఇంట్లో ఒక్క కారున్నవారికి వాక్యూమ్ ఫిల్లర్ దండగ. టైర్లకు గాలి కొట్టే చిన్న పంపుతో అది పనిచేయదు, పెద్ద కంప్రెసర్ కావాలి. ప్రెషర్ టెస్టర్‌తో పాటు రేడియేటర్ నోటికి బిగించే పొడవాటి గరాటు కొనుక్కుంటే చాలు. గరాటులో కూలెంట్ ఉంచి, మనం ఎప్పుడూ ముట్టుకోని హీటర్‌ను ఫుల్ వేడికి తిప్పి, థర్మోస్టాట్ తెరుచుకుని ఫ్యాను తిరిగేదాకా ఇంజిన్ నడిపితే బుడగలు పైకొస్తాయి. అవి ఆగాకే మూత. కంప్రెసర్ ఉన్న షెడ్డుకైతే ప్రెషర్ టెస్టర్, వాక్యూమ్ ఫిల్లర్ రెండూ కావాలి.

పోసే నీళ్లు బోరువి కాకూడదు. అందులోని లవణాలు సన్నటి గొట్టాల్లో పేరుకుపోతాయి. డిస్టిల్డ్ వాటర్ గానీ, కలిపి అమ్మే కూలెంట్ గానీ వాడాలి. రంగు చూసి రకం తేల్చకుండా మాన్యువల్ చూడాలి. దించిన పాత కూలెంట్‌ను కాలువలో పోయకండి, తియ్యగా ఉంటుందని కుక్కలు తాగితే ప్రాణం పోతుంది. మూతున్న డబ్బాలో పట్టి, పిల్లలకు అందనిచోట పెట్టి, పాత ఆయిల్ తీసుకునే షెడ్డులో దీన్నీ తీసుకుంటారేమో అడగండి.